మూడో బోల్టు

ఆ సబ్‌స్టేషన్‌లో రెండు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయి. ఒకదాన్ని అందరూ పెద్దాయన అంటారు, రెండోదాన్ని అల్లుడు అంటారు. పెద్దాయనకు ముప్పై ఎనిమిదేళ్లు. ఒంటినిండా తుప్పు, అతుకుల దగ్గర నూనె చెమ్మ, రోజంతా మూలుగు. అల్లుడు వచ్చి ఆరేళ్లే అయింది. నిగనిగలాడే రంగు, వినీవినపడని చప్పుడు. అల్లుణ్ణి ఎవరు మాత్రం నిలదీస్తారు? రోజువారీ పుస్తకంలో అతగాడి వేడి ఎంతో రాయాల్సిన చోట, నిచ్చెనెక్కి చూడటానికి బద్ధకించి, 'నిన్నటిలాగే' అని రాసి సంతకం గీకేసేవాళ్లు. అలా నెలల తరబడి అంతా నిన్నటిలాగే ఉంటూ వచ్చింది.

కొత్తగా వచ్చిన మరమ్మతుల ఇంజనీరమ్మ ఆ పుస్తకం చూసి మొదట నవ్వింది, తర్వాత ఒళ్లు మండి తనే నిచ్చెనెక్కింది. అల్లుడి వేడి రాసిన దానికంటే పన్నెండు డిగ్రీలు ఎక్కువుంది. వెంటనే రెండింటి నుంచీ నూనె తీసి ల్యాబుకు పంపింది. మనిషికి రక్తపరీక్ష ఎలాగో ట్రాన్స్‌ఫార్మర్‌కు నూనెపరీక్ష అలాగ. పెద్దాయన నూనె వయసుకు తగ్గట్టే ఉంది. అల్లుడి నూనెలో మాత్రం, లోపల ఎక్కడో నిప్పురవ్వలు రాలితే తప్ప పుట్టని వాయువు కనిపించింది. నెల తర్వాత మళ్లీ పంపితే అది ఇంకాస్త పెరిగింది. పైన పటారం, లోన లొటారం.

ఎండలు ముదిరేలోగా ఒక్క ట్రాన్స్‌ఫార్మర్‌ను ఒక్క వారం ఆపడానికి అనుమతి దొరుకుతుంది. ఇన్నేళ్లూ ఆ వారం వయసు లెక్కన పెద్దాయనకే దక్కేది. ఈసారి ఆమె జాబితా తిరగరాసింది. అల్లుడు మొదట, తర్వాత ప్రమాదమొస్తే కరెంటు టక్కున కోయాల్సింది పోయి నత్తనడక నడుస్తున్న ఓ బ్రేకరు, పెద్దాయన మూడో చోట.

ఆ జాబితా చూసి ఫోర్‌మన్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. రెండు నెలల్లో రిటైరయ్యే మనిషి. ట్రాన్స్‌ఫార్మర్ ఒంటికి కర్ర ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి రోగం చెబుతాడని 'చెవుల మేస్త్రి' అంటారు. బోల్టు బిగించాక దాని మీద ఎర్ర పెయింటు చుక్క పెట్టడం ఆయన అలవాటు. చుక్క లేని బోల్టు బిగించని బోల్టే అంటాడు. కంట్రోల్ రూం గోడ మీద అల్లుణ్ణి నిలబెట్టి బిగించిన రోజు తీసిన ఫొటో ఉంది. పై అధికారుల పక్కన, బ్రష్షు చేతబట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతున్నది ఆయనే.

"ఇదేంటమ్మా! మంచం పట్టినవాణ్ణి వదిలేసి, దుక్కలా ఉన్నవాడికి సూదులు పొడుస్తానంటారు?"

"మూలిగేవాడు ఎలాగూ చెప్పుకుంటున్నాడు బాబాయ్. నోరు విప్పనివాడితోనే నాకు భయం."

"అల్లుణ్ణి ఆపితే ఊరి బరువంతా పెద్దాయన నెత్తినే పడుతుంది. మధ్యలో ఆయన కూలబడితే?"

ఆమె భయమూ అదే. పెద్ద ఇంజనీరు సంతకం పెడుతూ, "లోపల ఏమీ దొరక్కపోతే జవాబు నువ్వే చెప్పుకోవాలి. ఆ ముసలాయన ఆగిపోయినా నువ్వే," అన్నాడు. ఆమె అక్క ఆ ఊరి ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు నర్సు. "మా జనరేటరు రెండు గంటలకు మించి ఆడదే. ఇంక్యుబేటర్లలో పదకొండు మంది ఉన్నారు. ఏమీ కాదుగా?" అని అడిగింది. కాదక్కా అని చెప్పి, ఆమె మళ్లీ పెద్దాయన వేడి చూడటానికి నిచ్చెనెక్కింది.

అల్లుణ్ణి ఆపారు. మొదటిరోజు నూనె దించారు. రెండోరోజు బయటి పరీక్షలన్నీ చేశారు, ఏమీ తేలలేదు. పెద్ద ఇంజనీరు రెండుసార్లు ఫోన్ చేసి ఏమీ అడక్కుండానే పెట్టేశాడు. ఆమె అరగంటకోసారి పెద్దాయన వేడి చూసి వచ్చేది. ఫోర్‌మన్ కర్రకు చెవి ఆనించి, "మోస్తున్నాడు," అనేవాడు. ఆ ఒక్క మాట విన్నాకే ఆమె మళ్లీ అల్లుడి దగ్గరికి వెళ్లేది.

మూడోరోజు, నూనె ఖాళీ అయిన అల్లుడి ట్యాంకులోకి మనిషి దిగాలి. "అప్పుడు బిగించింది నేనే, దారి నాకే తెలుసు," అని ఫోర్‌మన్ ముందుకొచ్చాడు. లోపల ఏదీ జారిపడకూడదని ఉంగరం, గడియారం, పెన్ను ఒక్కొక్కటే తీసి ఇస్తే ఆమె కాగితం మీద రాసుకుంది. కళ్లద్దాలకు దారం కట్టుకుని, టార్చి పట్టుకుని దూరాడు. పది నిమిషాలు టార్చి వెలుగు లోపల అటూ ఇటూ కదిలింది.

"అమ్మా."

ఆ గొంతు ఆయనది కాదేమో అనిపించింది.

"ఏంటి బాబాయ్?"

"ఇక్కడ మూడు బోల్టులున్నాయి. రెండింటికే చుక్క ఉందమ్మా. మూడోది వేలితో తిప్పితే తిరుగుతోంది. రాగి మాడి నల్లబడిపోయింది. చుట్టిన కాగితం బొగ్గయిపోయింది."

ఆమె మనసులో బతికిపోయాం అనుకుంది. మూడు రోజులుగా గుండెల మీద కూర్చున్న బండ ఎవరో ఎత్తేసినట్టు తేలికైపోయి, ఎవరూ చూడకుండా నవ్వుకుంది కూడా. ఆ నవ్వు, బయటికొచ్చిన ఫోర్‌మన్ మొహం చూడగానే ఆగిపోయింది.

"ఫొటోకి రమ్మన్నారమ్మా ఆ రోజు," అన్నాడు, మోచేతుల నుంచి నూనె కారుతుంటే. "ఒక్క నిమిషమే కదా అని బయటికొచ్చాను. మళ్లీ లోపలికి పోలేదు. ఆరేళ్లుగా ఆ ఫొటో చూసి మురిసిపోతున్నాను గానీ, చేతిలో బ్రష్షు ఎందుకుందో ఒక్కనాడూ ఆలోచించలేదు."

"అల్లుడు ఈ ఎండాకాలం గట్టెక్కేవాడు కాదు బాబాయ్. ముందే దొరికింది."

"రిపోర్టులో నా పేరు రాయండి."

"రాస్తాను. మర్చిపోయిందీ రాస్తాను, లోపలికి దిగి కనిపెట్టిందీ రాస్తాను."

ఆయన తలూపి, "అయితే నయమే," అన్నాడు.

మాడిన ముక్క కోసేసి కొత్త రాగి వేశారు, కొత్త కాగితం చుట్టారు. మూడో బోల్టు ఆయనే బిగించి, చుక్క పెట్టి బయటికొచ్చి, "మీరూ ఒకసారి చూసి రండమ్మా," అన్నాడు. ముప్పై ఏళ్లలో తన పనిని ఇంకొకరు చూడాలని ఆయన అడగడం అదే మొదటిసారి. ఆమె లోపలికి దూరి చూసింది. మూడు చుక్కలూ ఉన్నాయి.

ఏడోరోజు సాయంత్రం అల్లుడు మళ్లీ సగం బరువు అందుకున్నాడు. ఫోర్‌మన్ కర్ర తీసుకుని తిన్నగా పెద్దాయన దగ్గరికే పోయాడు. చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. "ఊపిరి పీల్చుకున్నాడమ్మా," అన్నాడు.

ఆమె అక్కకు ఫోన్ చేసింది.

"అయిపోయిందక్కా."

"అయిపోయిందా? ఈ వారమంతా ఇక్కడ దీపం కూడా రెపరెపలాడలేదే. అనవసరంగా హడలిపోయాను. ఏమీ జరగలేదు."

"అవునక్కా, ఏమీ జరగలేదు," అంది ఆమె ముక్కు ఎగబీల్చుకుంటూ.

"ఏమీ జరక్కపోతే ఎందుకే ఏడుస్తున్నావు?"

"అందుకే అక్కా."

అక్క ఇంకేదో అడగబోయింది. అంతలో వార్డులో ఓ పసిగొంతు కేరుమంది. "పాలకు లేచాడు, ఉంటానే," అని ఫోన్ పెట్టేసింది.