లేరండీ

"ఆ కంప్యూటర్లో మనుషులు కూడా దొరుకుతారా?" అని అడిగింది మా అత్తయ్య, ఆరిన బట్టలు మడత పెడుతూ, నా వైపు చూడకుండా.

దొరుకుతారన్నాను. నా ఉద్యోగమే అది. ఒక లాయరు గారి దగ్గర పనిచేస్తాను. ఎవరైనా శివారు కాలనీల్లో ఇల్లు కొనాలనుకుంటే అది ఎవరి పేరున ఉంది, అంతకుముందు ఎవరిది, అందులో ఎవరెవరు ఉంటున్నారు అన్నవన్నీ పురపాలక సంఘం రికార్డుల్లోంచి తవ్వి తీస్తాను. రహస్యమేమీ లేదు, అవి ఎవరైనా చూడగలిగే రికార్డులే. చూసే ఓపికే జనానికి ఉండదు. అందుకే నాకు జీతమిస్తున్నారు.

"ఎవరు కావాలి అత్తయ్యా?"

"ఎవరో ఒకావిడ."

అత్తయ్య నోట "ఎవరో ఒకావిడ" అని వచ్చిందంటే అది ఆవిడ చెల్లెలే. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను, ఎవరైనా తోబుట్టువుల సంగతి ఎత్తితే "నాకు చెల్లెలు లేదు" అని ఠక్కున చెప్పేది. అంతటితో ఊరుకుంటే నమ్మేవాళ్లేమో. "ఉన్నా అలాంటిది నాకక్కర్లేదు" అని కూడా అనేది.

గొడవేమిటో మా ఆయన చెప్పాడు. చిన్నత్తయ్య ఊరి శివార్లలో కొత్తగా ఇల్లు కట్టుకుంది. చూడ్డానికి వెళ్లిన అత్తయ్య, "వంటగది ఇంత చీకటిగా ఉందేమిటే, ఉప్పేదో పంచదారేదో నాలిక మీద వేసుకుంటే గానీ తెలిసేలా లేదు" అంది. చిన్నత్తయ్య మూతి ముడుచుకుంది. కొన్నాళ్లకు తనే తగ్గి ఫోను చేస్తే, అత్తయ్య బెట్టు చేసి "నేను లేనని చెప్పు" అంది కొడుకుతో. అప్పుడు మా ఆయన బడికి వెళ్లే వయసువాడు. "పిన్నీ, అమ్మ తను లేనని చెప్పమంది" అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అంతే. ఆ తర్వాత ఒకరి గడప ఒకరు తొక్కలేదు. చిన్నత్తయ్య భర్త పోయిన కబురు కూడా ఎవరో చెబితే ఆలస్యంగా తెలిసింది. ఆవిడకి పిల్లలు లేరు. మా పెళ్లికి పిలవలేదు, ఆవిడ రాలేదు. పంతం మాత్రం ఇద్దరికీ సమానంగా పంచారు కన్నవాళ్లు.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందని అడగబోయి ఊరుకున్నాను. ఈ మధ్య అత్తయ్య జ్వరపడి లేచింది. ఆ జ్వరంలో "చిట్టీ, చిట్టీ" అని పలవరించింది. ఆ పేరు ఎవరిదో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట పైకి అంటే నా మీద పడి కరుస్తుంది.

పేరు అడిగితే విసుక్కుంటూ చెప్పింది. భర్త పేరు చెప్పింది. కాలనీ పేరు గుర్తు లేదంటూనే వీధితో సహా చెప్పింది. నేను టైపు చేస్తుంటే పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి గుర్తొచ్చి వంటగదిలోకి పరిగెత్తింది.

ఇల్లు వెంటనే దొరికింది. చిన్నత్తయ్య పేరునే ఉంది. అక్కడితో ఆగితే సరిపోయేది. పనిలో అలవాటు కొద్దీ ఆ ఇంట్లో ఉండేవాళ్ల వివరాల పేజీ కూడా తెరిచాను. కిందటేడు సర్వేలో రాసుకున్నది. ఆవిడ పేరు, దాని ఎదురుగా ఒకే ఒక్క మాట. మృతి.

వంటగదిలోంచి "కనిపించిందా?" అని అత్తయ్య గొంతు. అలా ఆశగా అడగడం నేనెప్పుడూ వినలేదు.

"సైటు పనిచేయడం లేదత్తయ్యా. రేపు చూద్దాం" అన్నాను, ల్యాప్‌టాప్ మూసేస్తూ.

మా ఆయనకి చెబితే మొహం పాలిపోయింది. "నేను నోరు జారకపోతే ఇంతవరకూ వచ్చేది కాదు" అన్నాడు. నీ నోరు కాదు, వాళ్ల నోళ్లని అనాలన్నాను గానీ నాకూ ఏడుపొచ్చింది. అత్తయ్యకి ఈ మాట ఎలా చెప్పాలి? ఎప్పుడు, ఎలా పోయిందని అడుగుతుంది కదా. అదన్నా తెలుసుకుందామని మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి బయలుదేరాను.

ఆ కాలనీలో ఇళ్ల నంబర్లు వరసలో ఉండవు. ముందు కట్టిన ఇంటికి ముందు నంబరు ఇచ్చుకుంటూ పోయారు. ఒకే రకం గేట్లు, ఒకే రకం పిట్టగోడలు. కాసేపు గిరగిరా తిరిగి చివరికి పట్టుకున్నాను. గేటు పక్కన పూల కుండీల్లో మట్టి తడిగా ఉంది. ఎవరో నీళ్లు పోస్తున్నారన్న మాట. పై వాటాలో అద్దెకుండే అమ్మాయి మెట్లు దిగి వచ్చింది. జడ ఇంకా సగమే అల్లుకుంది.

చిన్నత్తయ్య పేరు చెప్పి, "ఆవిడ..." అన్నాను.

"లేరండీ" అంది ఆ అమ్మాయి.

తెలిసిన సంగతే. అయినా ఆ మాట చెవిన పడగానే మెట్ల మీద కూలబడి ఏడ్చేశాను. నేనెన్నడూ చూడని మనిషి. ఇంట్లో అత్తయ్య "సైటు బాగయిందా?" అని అడగడానికి ఎదురు చూస్తూ కూర్చుని ఉంటుంది.

"అయ్యో, ఏంటండీ, ఏమైంది?" అంటూ ఆ అమ్మాయి కంగారు పడి మంచినీళ్లు తెచ్చింది. "అంత అర్జెంటు పనా? కూర్చోండి, వచ్చేస్తారు."

"ఎక్కడి నుంచి?"

"పళ్ల డాక్టరు దగ్గర్నుంచి."

నేను గ్లాసు కింద పెట్టేశాను. "ఆవిడ ఉన్నారా?"

"లేరనే కదండీ చెప్తున్నా."

"అది కాదమ్మా. బతికే ఉన్నారా?"

ఆ అమ్మాయి నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "పొద్దున్నే మోటారు వేయలేదని నన్ను తిట్టి మరీ వెళ్లారు" అంది.

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేను. ఊపిరి కూడదీసుకుని, కిందటేడు సర్వేకి ఎవరైనా వచ్చారా అని అడిగాను. వచ్చారట. అప్పుడు చిన్నత్తయ్య స్నేహితురాలి ఊరు వెళ్లి ఉంది. "ఆయనకీ ఇదే చెప్పా. లేరండీ, నిన్ననే వెళ్లిపోయారు అన్నా. అయ్యో పాపం అని తల దించుకున్నారు. ఊరెళ్తే అయ్యో పాపమేంటా అనుకున్నా" అంది. అంటూండగా తనకీ వెలిగినట్టుంది, అల్లుతున్న జడ వదిలేసి రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఆ మర్యాదస్తుడికి "పోయారా అండీ?" అని ఇంకోసారి అడగడానికి మొహమాటం. ఈ అమ్మాయికి మాటలు పొదుపు. మధ్యలో మనిషి చచ్చిపోయింది.

అంతలో గేటు చప్పుడైంది. అచ్చం మా అత్తయ్య ముక్కు, అచ్చం ఆవిడ నడక. ఒక బుగ్గ మాత్రం ఉబ్బి ఉంది. నేనెవరో చెప్పగానే చిన్నత్తయ్య గోడ పట్టుకుని ఆగిపోయింది. నోట్లో దూది కుక్కుకుని ఉంది, మాట సరిగ్గా రావడం లేదు. అయినా అడిగింది.

"అక్క ఉందా?"

"ఉన్నారు" అన్నాను. "బాగా ఉన్నారు. మొన్న జ్వరం వచ్చి తగ్గింది."

కళ్లు మూసుకుని తెరిచింది. "ఉంటే నాకేంటి" అంది వెంటనే. ఈ ఇద్దరూ అక్కాచెల్లెళ్లని రుజువు చేయడానికి ఇంక ఏ రికార్డూ అవసరం లేదనిపించింది నాకు.

సర్వే సంగతి చెబితే, "అందుకా నా ఓటు లేదన్నారు" అని మండిపడింది. దిద్దించడం ఎలాగో నాకు తెలుసు. రక్తసంబంధీకులు ఎవరైనా స్వయంగా పురపాలక సంఘం ఆఫీసుకు వచ్చి, ఈవిడే ఆవిడ, బతికే ఉంది అని చెప్పాలన్నాను. ఆ ముక్క వినగానే చిన్నత్తయ్య అటు తిరిగి కుండీలో ఎండుటాకులు తుంచడం మొదలుపెట్టింది. చాలాసేపు తుంచాక, "అక్కొస్తుందా?" అంది.

ఇంటికి వచ్చి అత్తయ్యకి మొత్తం చెప్పాను, మృతి అన్న మాటతో సహా. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆఖరికి, "పన్ను ఏ పక్కది తీశారు?" అని అడిగింది. కుడి పక్కదన్నాను. "చిన్నప్పటి నుంచీ దానికా పక్కే నొప్పి" అంది. ఆ తర్వాత ఆ సర్వే ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

చిన్నత్తయ్యని ఆఫీసుకు రమ్మని రాత్రే ఫోను చేశాను. మర్నాడు అత్తయ్య నాకంటే ముందే తయారై గుమ్మంలో నిలబడింది.

ఆఫీసులో ఒకటే బెంచీ. అక్కాచెల్లెళ్లు చెరో చివర కూర్చున్నారు. ఒకరు ఫ్యాను వైపు, ఒకరు కిటికీ వైపు చూస్తున్నారు. మధ్యలో నేను, నా ఒళ్లో కాగితాలు. అధికారి అత్తయ్యని పిలిచాడు. కాగితం మీద నుంచి కళ్లెత్తకుండా అడిగాడు.

"మీకు చెల్లెలు ఉన్నారామ్మా?"

ఈ ప్రశ్నకి అత్తయ్య దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు, అది నోటికి అలవాటైపోయింది. అత్తయ్య పెదవి కదిలింది, మళ్లీ ఆగింది. వెనక్కి తిరిగి బెంచీ వైపు చూసింది. ఉబ్బిన బుగ్గతో చిన్నత్తయ్య ఇప్పుడు కిటికీ వైపు చూడడం లేదు.

"ఉంది" అంది అత్తయ్య. "ఉందయ్యా. అదిగో, ఉంది. రాసుకో."

చిన్నత్తయ్య ఏడుస్తూనే లేచి వచ్చింది. "అక్కా" అనబోయింది గానీ బుగ్గ వాపు అడ్డం పడి ఇంకేదో వినిపించింది. "మాట్లాడకే, రక్తం వస్తుంది" అని కసిరి, అత్తయ్య ఆ బుగ్గ మీద అరచెయ్యి పెట్టి అలాగే ఉంచింది. అధికారి సంతకం ఎక్కడ పెట్టాలో చూపించి, ఎవరూ అటు చూడకపోవడంతో కాగితం నా చేతికిచ్చాడు.

ఆ ఆదివారం మా ఇంట్లో ఫోను మోగింది. మా ఆయన తీశాడు. అటు నుంచి చిన్నత్తయ్య గొంతు నాక్కూడా వినిపించింది. "అమ్మ ఉందిరా?"

అత్తయ్య చెల్లెలికి మెత్తటి పళ్లేవో కొనాలని అప్పుడే బజారుకు వెళ్లింది. మా ఆయన నోరు తెరిచాడు, నా వైపు చూశాడు, నోటిదాకా వచ్చిన మాట మింగాడు.

"ఉంది పిన్నీ" అన్నాడు. "ఉంది. బజార్లో ఉంది."