ఆరు చాపల గది

తకెనొరి రాత్రి పని ముగించుకుని ఇంటికి వచ్చేసరికి తెల్లవారి, ఊరంతా పనుల్లోకి బయల్దేరుతుండేది. హోటళ్ళ దుప్పట్లూ పెళ్ళిమందిరాల చొక్కాలూ ఇస్త్రీ చేసే లాండ్రీలో ఉద్యోగం. కుడికాలితో మీట తొక్కితే ఇనుప పలక దిగుతుంది, బుస్సుమని ఆవిరి లేస్తుంది, ఆ చొక్కా తీసి ఇంకో చొక్కా పరచాలి. ఏళ్ళ తరబడి ఒకే కాలితో తొక్కడం వల్ల అతని కుడిపిక్క ఎడమదానికంటే లావెక్కింది. "ఈ కాలికి వేరే జీతం అడగాలి," అనేవాడు. ఇంటికి రాగానే కూతురు చినత్సు అన్నం, మిసో పులుసు, వేయించిన చేపముక్క ముందు పెట్టేది. అతను తిని పడుకునేవాడు. ఆమె కళ్ళకు హెడ్‌సెట్ తగిలించుకుని బడికి వెళ్ళేది.

వెళ్ళేదంటే గడప దాటేది కాదు. రెండేళ్ళ కిందట, తల్లి సతొమి పోయిన సంవత్సరమే, బడి గేటు దగ్గర ఆ పిల్ల కాళ్ళు ఆగిపోయాయి. ఎవరూ కొట్టలేదు, ఏడిపించలేదు. కాళ్ళు కదలలేదు, అంతే. ఆనాటి నుంచి చెత్త పారేయడానికి కూడా బయటికి రాలేదు. అలాంటి పిల్లల కోసం హెడ్‌సెట్ లోపల ఒక బడి నడుస్తోంది. టీచర్లున్నారు, గంట కొడతారు, హాజరు పిలుస్తారు.

ఆమె హెడ్‌సెట్ పెట్టుకోగానే గది తూర్పుగోడ ఒక జానెడు లోపలికి జరిగేది. అమగసాకి ఊళ్ళో, మా మేడలో, ఇది అందరికీ తెలిసిన సంగతే. లోపల అంత పెద్ద బడి, ఆటస్థలం, మెట్లు, చెర్రీ చెట్లు... ఆ జాగా అంతా ఎక్కడి నుంచి రావాలి? ఎవరో ఒకరి ఇంట్లోంచి రావాల్సిందే. సాయంత్రం హెడ్‌సెట్ తీయగానే గోడ నిట్టూర్చి వెనక్కి పోయేది. మా దగ్గర గదిని నేలకు పరిచిన గడ్డిచాపల లెక్కన కొలుస్తారు. ఆరు చాపల గది మళ్ళీ ఆరు చాపలయ్యేది. పై అంతస్తు కుర్రవాడు ఆటల పిచ్చిలో గదంతా పోగొట్టుకుని బీరువాలో నిలబడి నిద్రపోతున్నాడని చెప్పుకునేవాళ్ళు. ఇంటి యజమాని మాత్రం అద్దె అన్ని చాపలకీ తీసుకుంటాడు. గోడలు కదిలినా ఆయన కదలడు.

వానలు వెనకబట్టి చల్లగాలి మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం చినత్సు అడిగింది. "నాన్నా, కొత్త హెడ్‌సెట్ కొందామా?"

ఆ పిల్ల నోరు తెరిచి ఒకటి కావాలని అడిగి రెండేళ్ళయింది. తకెనొరి చేతిలో అన్నం తినే పుల్లలు ఆగాయి.

"ఉన్నదానికేం వచ్చింది?"

"అందులో అందరి మొహాలూ తడికాగితం మీద గీసినట్టుంటాయి. నేనేం చేసినా నా బొమ్మ ఒకేలా నవ్వుతుంటుంది. నిన్న మిజొగుచి టీచరు అందరికీ చెప్పింది, చినత్సు ఎప్పుడూ సంతోషంగా ఉంటుంది, చూసి నేర్చుకోండర్రా అని."

"అప్పుడు నువ్వేం చేస్తున్నావు?"

"ఏడుస్తున్నాను."

మూడో పాఠం అయ్యేసరికి తల తిరిగి ఆమె బేసిన్లో వాంతి చేసుకునే సంగతి అతనికి తెలుసు. ఆ బేసిన్ కడిగేది అతనే.

ఆదివారం నిప్పొన్‌బాషిలో ఎలక్ట్రానిక్ కొట్ల వీధికి పోయాడు. ఒబతా అనే కొట్టాయన, కూతురి హెడ్‌సెట్ సంగతి ఎత్తగానే అడిగిన మొదటి ప్రశ్న, "మీ గది ఎన్ని చాపలు?"

"ఆరు."

"ఉండేది?"

"ఇద్దరం. నాది రాత్రి పని, పగలు పడుకుంటాను."

ఒబతా గాజుబీరువాలోంచి నల్లటి హెడ్‌సెట్ తీసి, అప్పుడే పుట్టిన బిడ్డను అందించినట్టు రెండు చేతులతో అందించాడు. "మీ పాతదానిలో సగం బరువు. లోపల సూది కిందపడినా కనబడుతుంది. తల తిరగడం, వాంతులు ఉండవు. కళ్ళను కనిపెట్టే కెమెరాలున్నాయి, అమ్మాయి కనుబొమ్మ ఎత్తితే లోపల బొమ్మ కూడా ఎత్తుతుంది."

"మరి గోడ?"

"అదేనండీ చిక్కు. పాతరకం పొద్దున తీసుకుని సాయంత్రం ఇచ్చేస్తుంది. ఇది తిరిగివ్వదు. లోపల అంత స్పష్టంగా కనబడాలంటే జాగా గట్టిగా ఉండాలి కదా. తీసుకున్నది తీసుకున్నట్టే."

"తీసుకుంటూ పోతే మేము ఎక్కడుండాలి?"

"మనిషి పడుకున్న చాప జోలికి రాదు. కూర్చుంటే లాభం లేదు. కూర్చున్నవాడు చుట్టం, పడుకున్నవాడు ఇంటివాడు, దాని లెక్క అది. మీరు పగలు పడుకుంటారు కాబట్టి మీ చాపకు భయం లేదు. ఉత్తరం తల పెట్టి మాత్రం పడుకోకండి. అలా పడుకున్నవాణ్ణి ఇల్లు వదిలిపోయేవాడి కింద జమకడుతుంది."

"పీనుగైతే తప్ప అలా ఎవడు పడుకుంటాడయ్యా," అన్నాడు తకెనొరి. ఇద్దరూ నవ్వారు.

పక్కనున్న చిన్న బొత్తాం దేనికని అడిగాడు. దాన్ని రెండుసార్లు తడితే హెడ్‌సెట్ తీయకుండానే ఇల్లు కనబడుతుందట, రంగుల్లో, ఉన్నదున్నట్టు.

"ఇంట్లో కూర్చుని ఇల్లు చూడ్డానికా ఇంత ఖరీదు?"

"అందరూ అదే అంటారు. ఆ సదుపాయం లేని రకం చవకగా ఉంది. కాకపోతే దాంట్లో కళ్ళ కెమెరాలు కూడా ఉండవు."

తకెనొరి ఆ రోజు కొనలేదు. రైల్లో వస్తూ తూచాడు, పనిలో మీట తొక్కుతూ తూచాడు. ఒక తట్టలో చాపలు, ఇంకో తట్టలో కూతురి కళ్ళు. పక్కింటి హమురా మామ్మ కూడా వచ్చి తన రాయి ఒకటి వేసింది. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. మసగ్గా ఉంది కాబట్టే పిల్ల ఎప్పటికో అప్పటికి విసిగి బయటికొస్తుంది. అంత బాగా కనబడితే ఇంక ఎందుకొస్తుందిరా నాయనా?"

అతని భయమూ అదే. ఆ భయంతోనే చాలా రాత్రులు చొక్కాలు మాడ్చాడు. కానీ ఏడుస్తుంటే నవ్వుతున్నావని మెచ్చుకునే చోట కూతుర్ని ఇంకా ఎన్నాళ్ళు కూర్చోబెడతాడు? "ఇప్పుడు మాత్రం బయట ఉందా మామ్మా," అన్నాడు. మర్నాడు పోయి నల్లది కొనుక్కొచ్చాడు.

మొదటి రోజు సాయంత్రం చినత్సు అన్నం ముందు కూర్చుని ఆగకుండా మాట్లాడింది. "నాన్నా, యుకారికి ఒక కన్ను చిన్నది! ఇన్నాళ్ళూ తెలీలేదు. మిజొగుచి టీచరు కోప్పడే ముందు ముక్కు ఎగబీలుస్తుంది. వాళ్ళు కూడా నన్ను చూసి ఏమన్నారో తెలుసా? నీకు ఇంత పెద్ద కళ్ళున్నాయా అన్నారు." తకెనొరి పులుసు చల్లారిపోయేదాకా విన్నాడు. తూర్పుగోడ వెనక్కి పోలేదు. పోదని తెలిసే కొన్నాడు కాబట్టి అటు చూడలేదు.

ఆకులు రాలే వేళకు బట్టల బీరువా అమ్మేశారు. తర్వాత పొట్టిబల్ల పోయింది, గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. పోయిన సతొమికి రోజూ దండం పెట్టుకునే పూజపెట్టె ఉన్న చాప కూడా పోవడంతో ఆ పెట్టెను ఉత్తరపు గోడకున్న చిన్న ఫ్రిజ్ మీదికి ఎక్కించారు. కొత్త సంవత్సరం పిండివంటలు నిలబడి తిన్నారు. గది పొడవు తగ్గలేదు గానీ అడ్డం తగ్గి తగ్గి నడవాలా తయారైంది. తకెనొరి పగలంతా ఆ కొద్ది చోటులో అడ్డంగా, రొయ్యలా ముడుచుకుని పడుకునేవాడు. లేచేసరికి కుడికాలు కొయ్యబారి ఉండేది. అయినా సంతోషంగానే ఉన్నాడు, ఆ మాట చెప్పితీరాలి. కూతురు నవ్వితే నవ్వు మొహంలోకి వస్తోంది.

చలి తగ్గుతుండగా చినత్సు వచ్చి చెప్పింది, బడి ముగింపు సభలో వెళ్ళిపోయే పిల్లలందరి తరఫునా వీడ్కోలు మాటలు తనే చదవాలట. "నా మొహం చూసి వినాలని ఉందంది టీచరు." ఆ రాత్రి తకెనొరి లాండ్రీలో ఆ మాట ఎదురైన ప్రతివాడికీ చెప్పాడు, కొందరికి రెండుసార్లు.

సభ ముందురోజు అభ్యాసంలో ఒక అపశ్రుతి జరిగింది. మాటలు ముగించాక ఒక్క అడుగు ముందుకేసి నడుం వంచి నమస్కరించాలి. ఆ అడుగు వేయబోయి నిద్రపోతున్న తండ్రి మోకాళ్ళకు తట్టుకుని పడింది. లోపల వందలమంది ముందు కూడా పడింది.

సభ రోజు పొద్దున అతను రోజూకంటే ఆలస్యంగా వచ్చాడు. ఊళ్ళో అన్ని బళ్ళకూ ముగింపు సభల కాలం, రాత్రంతా ఇస్త్రీకి తొడుక్కునే కోట్లే కోట్లు. కుడికాలు తొడ దాకా సలుపుతోంది. చినత్సు పాత యూనిఫాం తొడుక్కుని ఉంది. దాని చేతులు పొట్టివైపోయాయి.

"నేను పోయి మెట్లమీద కూర్చోనా?" అడిగాడు.

"వద్దు నాన్నా. నువ్వు పడుకోకపోతే ఈ చాప కూడా పోతుంది. రేపట్నించి మనకు నడుం వాల్చే చోటుండదు."

"మోకాళ్ళు మళ్ళీ తగులుతాయేమో."

"వంగేముందు బొత్తాం రెండుసార్లు తట్టి చూసుకుంటాలే. నువ్వు పడుకో."

ఆమె హెడ్‌సెట్ పెట్టుకుంది. తకెనొరి కాసేపు నిలబడి చూశాడు. అడ్డంగా పడుకుంటే మోకాళ్ళు సరిగ్గా ఆమె అడుగు పడేచోటే ఉంటాయి. గోడవారగా పొడుగ్గా పడుకుంటే దారి ఖాళీ. దక్షిణం తల పెడితే పాదాలు సతొమి పూజపెట్టె వైపు వస్తాయి, అది అతని వల్ల కాని పని. ఇంక మిగిలింది ఉత్తరం. ఆ గదిలో ఉత్తరం తల పెట్టి పడుకోబెట్టింది ఒక్క సతొమినే, పోయిన రాత్రి.

"ఒక్క గంటేలేవే," అన్నాడు పెట్టెతో మెల్లిగా. "పిల్ల పడకుండా చదువుకోనీ."

పడుకున్నాడు. అలవాటు కొద్దీ ఎడమకాలు ముడిచాడు. సలుపుతున్న కుడికాలు మాత్రం చాపాడు. కాలు చాపి పడుకుని ఎన్ని నెలలైందో. నిద్ర వెంటనే పట్టేసింది.

లోపల చినత్సు చదువుతోంది. గొంతు వణకలేదు. టీచర్లకు కృతజ్ఞతలు చెప్పింది, స్నేహితుల పేర్లు చెప్పింది. అమ్మానాన్నలకు చెప్పే నాలుగు ముక్కలు చివర్లో, నమస్కారానికి ముందు ఉన్నాయి. అక్కడికొచ్చి, అడుగు వేయాల్సిన చోటు చూసుకుందామని చెవి పక్క బొత్తాం రెండుసార్లు తట్టింది.

ఇల్లు కనబడింది, రంగుల్లో, ఉన్నదున్నట్టు. నాన్న గోడవారగా పొడుగ్గా పడుకున్నాడు. తల ఉత్తరానికి ఉంది. ఎప్పుడూ కదలని దక్షిణపు గోడ చప్పుడు లేకుండా వస్తోంది. నాన్న కుడికాలు చీలమండ దాకానే ఉంది. అక్కడి నుంచి గోడ. ఆయన మొహంలో ఇన్ని నెలల్లో ఎన్నడూ లేనంత సుఖంగా ఉంది నిద్ర.

సభలో ఉన్నవాళ్ళందరూ ఆమె కళ్ళు పక్కకు తిరగడం చూశారు. ఆ కళ్ళు పెద్దవవడం చూశారు. ఈసారి ఆమె మొహం ఏం చెబుతోందో ఎవరూ పొరపాటు పడలేదు. మిజొగుచి టీచరు కుర్చీలోంచి లేచి "చినత్సూ!" అని అరిచింది.

చినత్సు హెడ్‌సెట్ పీకి విసిరేసింది. అది కిందపడి కూడా వెలుగుతూనే ఉంది, సభ ఇంకా నడుస్తోంది, దానికింకా జాగా కావాలి. తండ్రి చంకల కింద చేతులు వేసి ఈడ్చింది. ఆయన కళ్ళు తెరిచి "ఐపోయిందా? బాగా చదివావా?" అన్నాడు. ఫ్రిజ్ మీద పూజపెట్టె ఉంది. ఆమెకున్నవి రెండే చేతులు. పడమటి తలుపు తోసుకుని, వట్టి కాళ్ళతో, రెండేళ్ళుగా దాటని గడప దాటి బయటి నడవాలో పడింది. కాళ్ళు ఆగుతాయేమోనని తలచే తీరిక కూడా లేకపోయింది.

హమురా మామ్మ దుప్పటి తెచ్చి తకెనొరికి కప్పింది. రక్తం లేదు. చీలమండ దగ్గర చిత్రిక పట్టిన చెక్కలా నున్నగా ఉంది. మామ్మ వెళ్ళి వాళ్ళ తలుపు తెరిచింది. గడప అవతలంతా గోడే. చెవి ఆనిస్తే లోపల ఎక్కడో చాలా దూరాన చప్పట్లు వినబడుతున్నాయి.

ఆస్పత్రి డాక్టరు కాలు చూడగానే "ఉత్తరం తలా?" అన్నాడు. తకెనొరి తలూపాడు. "అందరూ ఒక్క గంటే అనుకుంటారు," అని డాక్టరు కట్టు కట్టించి పంపేశాడు.

బడి నుంచి పట్టా టపాలో వచ్చింది. లాండ్రీ పైన సామాన్ల గది ఖాళీ చేసి ఇచ్చారు, తండ్రీకూతుళ్ళు పడుకోవడానికి సరిపోతుంది. ఊరికే ఇవ్వలేదు. మీట తొక్కే మనిషి కావాలన్నాడు లాండ్రీ యజమాని. తండ్రి పని చినత్సుకు వచ్చింది, పద్దెనిమిది నిండని పిల్ల కాబట్టి పగటి వంతే.

చినత్సు ఇప్పుడు రోజూ పొద్దున మెట్లు దిగుతుంది. మధ్యాహ్నం ఎదురు కొట్టుకు పోయి అన్నం ముద్దలు కొనుక్కొస్తుంది. వీధిలో జనం మొహాలు చూస్తుంది. ఎవరూ ఆమెను చూడరు, ఎవరి తొందర వాళ్ళది. ఇదా తండ్రి కోరుకున్నది అంటే, ఇదే. పిల్ల మనుషుల్లో పడింది. దాన్ని తలుచుకుంటే నాకు మాత్రం సంతోషం రాదు.

ఒక సాయంత్రం ఆమె పైకొచ్చి గోడకానుకుని కూర్చుంది. తకెనొరి తూర్పు తల పెట్టి పడుకుని ఉన్నాడు.

"కాలు నొప్పిగా ఉందా?" అడిగాడు.

"రెండూ," అంది. అని నాలుక కరుచుకుంది.

అతను ఏమీ అనుకోలేదు. పాకుతూ వచ్చి కూతురి కుడికాలు ఒళ్ళో పెట్టుకుని పిక్క నొక్కడం మొదలుపెట్టాడు. నొక్కుతూ నొక్కుతూ ఆగిపోయాడు. ఎడమ పిక్క కూడా పట్టుకుని చూసి, మళ్ళీ కుడిది చూశాడు.

అప్పుడే లావెక్కుతోంది.