హేజెల్‌నట్ ఆడపువ్వు

పద్మకుమారికి చేతివణుకు జబ్బు వచ్చిన సంగతి భర్త ఈశ్వర్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. విజయనగరంలో ఒక కాలేజీ వృక్షశాస్త్ర విభాగంలో ఆమె మొక్కల బొమ్మలు వేస్తుంది. వేరే పని ఆమెకు రాదు.

మొన్నటి తుపానుకి ఆ విభాగం పైకప్పు కారి, గోడకున్న పాత బొమ్మ ఒకటి తడిసింది. ఎప్పుడో రెండు వందల ఏళ్ల కిందట యూరప్‌లో అచ్చువేసి, చేత్తో రంగులద్దిన హేజెల్‌నట్ కొమ్మ బొమ్మ అది. చాక్లెట్లలో ఆ పప్పు తిన్నవాళ్లే గాని, చెట్టును చూసినవాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. పద్మకుమారి కూడా చూడలేదు. అయినా రంపపు అంచుల ఆకులు, తోకల్లా వేలాడే మగపూల గుత్తులు, చిరుగుల తొడుగులో ఒదిగిన కాయ, వీటిని చూసి చూసి వేస్తూనే ఆమె కుంచె పట్టడం నేర్చుకుంది. ఆ కొమ్మ మీద ఒక మొగ్గ కొసన ఆడపువ్వు ఉంటుంది. దానికి రేకులుండవు. వెంట్రుకల్లాంటి ఎర్ర పోగులు, అంతే. నీళ్లకు ఆ ఎరుపు కరిగిపోయింది.

"దీన్ని బాగుచెయ్యడం మీవల్లే అవుతుందమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్ నరసింగరావు.

కాదంటే కారణం చెప్పాలి. ఆమె బొమ్మను ఇంటికి తెచ్చుకుంది.

"సెయ్యి నీ మాట ఇనడం లేదు. వల్లకాదని సెప్పీసి తిరిగిచ్చీ," అన్నాడు ఈశ్వర్.

"పొద్దున్న మాత్ర ఏసుకున్నాక కాసేపు బాగుంటాదండీ. అప్పుడే ఏస్తాను."

మొదట బాగానే సాగింది. మణికట్టు కింద తువ్వాలు మడతపెట్టుకుని, వెలిసిన ఆకులకు పచ్చదనం నింపింది. ఈశ్వర్ పక్కనే కూర్చుని గిన్నెలో నీళ్లు మార్చాడు. ఆమె కూనిరాగం తీస్తుంటే అతనికీ ఆశ పుట్టింది.

ఎర్ర పోగు ఒకటి సరిగ్గా దిగింది. రెండోదానికి కుంచె ఆనించగానే చెయ్యి ఎగిరింది. ఎరుపు మొగ్గ మీంచి కాయ దాకా పాకింది. కంగారుగా తడి దూదితో అద్దింది. నానిన కాగితం దూదితో పాటే లేచి వచ్చింది. మొగ్గ ఉన్నచోట కింది బల్ల కనబడింది.

"వదిలీ," అన్నాడు ఈశ్వర్.

ఆమె వినకుండా మళ్లీ అద్దింది. చిరుగు పెద్దదైంది. అతను ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నాడు. ఆ పట్టులోనూ అది వణుకుతూనే ఉంది.

మర్నాడు బొమ్మను నరసింగరావు బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పింది. జబ్బు సంగతీ చెప్పింది. తిట్లకు సిద్ధపడే వెళ్లింది.

"పోనీండమ్మా. నెట్‌లోంచి దించి కలర్ ప్రింటు తీయిద్దాం. తేడా ఎవరికి తెలుస్తుంది?" అన్నాడాయన జాలిగా.

ఆయన తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

ఆ సాయంత్రం అన్నం కలుపుతుంటే మెతుకులు ఒళ్లో రాలాయి. ఈశ్వర్ కంచం తన ముందుకు లాక్కున్నాడు. మామూలుగా అయితే ఆమె ఒప్పుకోదు.

"నా సెయ్యి సచ్చిపోనాదండీ," అంది.

"సెయ్యేగదే."

"అది కాక నాకింకేటున్నాది?"

అతను కంచంలో అన్నం దగ్గరికి తీశాడు. ముద్ద కలిపి అందించాడు. ఆమె అతని వైపు చూడకుండా నోరు తెరిచింది.