వెర్నా నోట రాని మాట

ఒహాయోలో లాయర్లు కాజేసిన సొమ్మును బాధితులకు చెల్లించే నిధి ఒకటుంది. దానికొచ్చే దరఖాస్తులు పరిశీలించే లాయరు డార్లీన్. భర్త చావుకు వచ్చిన పరిహారాన్ని లాయరు క్లైడ్ మింగేస్తే, కూతురు పోరగా పోరగా వచ్చి ఆమె ఎదుట కూర్చుంది ముసలి వెర్నా.

నిధి దొంగతనానికే ఇస్తుంది. లాయరుకు ఇష్టపడి చేబదులిస్తే చిల్లిగవ్వ రాదు.

"పరిహారం చెక్కు మీద సంతకం మీది కాదుగా?"

"నేనే పెట్టుకోమన్నానమ్మా. అప్పుగా తీసుకున్నాడు."

డార్లీన్‌కు ఒళ్లు మండింది. "అబద్ధమాడకండి! వాణ్ని ఎందుకు వెనకేసుకొస్తారు?"

"మా ఆయన శవపేటిక మోసినవాడు. ప్రతి ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చుంటాడు. దొంగ అని నా నోటితో ఎలా అనను?"

"అలాగైతే డబ్బు రాదండీ."

"తెలుసు," అంది వెర్నా, కోటు బొత్తాలు పెట్టుకుంటూ. "నేను అనలేనని వాడికీ తెలుసు."