బాతు అన్న మాటలు

సినిమాలో కింద రాసి వచ్చే మాటలు చదివి వినిపిస్తూ బియ్యంలో రాళ్లు ఏరడం కష్టమేమీ కాదు, రాళ్లు చేతికే తెలుస్తాయి. కళ్లు తెర మీద, వేళ్లు పళ్లెంలో, నోరు అత్తయ్య చెవి దగ్గర. మా అత్తయ్య సొరైదాకి చూపు పోయి నాలుగేళ్లయింది. అంతకుముందు ముప్ఫై ఏళ్లు ఇక్కడే, మా కబైగ్వాన్ ఊళ్లో, చుట్టల ఫ్యాక్టరీలో పనిచేసింది. అక్కడ ఆడా మగా బల్లల ముందు కూర్చుని చుట్టలు చుడుతుంటే, ఎత్తుగా వేసిన కుర్చీలో కూర్చుని ఒక మనిషి పొద్దున పేపరూ, మధ్యాహ్నం నవలా చదివి వినిపిస్తాడు. నచ్చితే అందరూ ఆకు కోసే కత్తులతో బల్ల మీద టకటకా కొడతారు. నచ్చకపోతే కత్తి నేల మీద పడేస్తారు. అలా ముప్ఫై ఏళ్లు విన్న చెవులకి ఇప్పుడు నేను దొరికాను. కత్తి లేదు కాబట్టి కుర్చీ చేతి మీద చెంచాతో కొడుతుంది. నేనూ అదే ఫ్యాక్టరీలో పొగాకు ఈనెలు తీస్తాను. రెండింటికల్లా ఇంటికొచ్చి, మిగతా పనితో పాటు ఈ చదివే పని కూడా చేస్తాను.

సోమవారం సోమవారం మా ఆయన రెయినేల్, మంగలి షాపు తెరిచే ముందు, సినిమాలు ఎక్కించే మనిషి దగ్గరికి వెళ్లి పెన్ డ్రైవ్ నింపుకొస్తాడు. ముందు తనకి బాక్సింగ్, తర్వాత వాళ్లమ్మకి కొరియా సీరియళ్లు. ఇంకా కాస్త చోటు మిగిలితే ఆ మనిషే ఎవరూ అడగనివి ఏవో అందులో పడేస్తాడు. ఆ ఎవరూ అడగనివి నావి. కానీ అన్నిటి మీదా నాకు బోలెడు అభిప్రాయాలున్నాయి. కొరియా సీరియల్లో పెద్దింటి అత్తగారు వారానికోసారి ఎవరి మొహానో గ్లాసుడు నీళ్లు కొడుతుంది. తడిసిన మొహం చూపిస్తారు, గడ్డం మీంచి కారే చుక్కలు చూపిస్తారు, ఆ నీళ్లు తుడిచిన మనిషిని ఇంతవరకూ చూపించలేదు. ఇంకో సినిమాలో ఒకడు మూడొందల గడియారాల మధ్య ఒంటరిగా బతుకుతాడు. ఒక్క గడియారం మీదా దుమ్ముండదు. ఒంటరివాడట. మరొకదాంట్లో ఊరు ఊరంతా నిద్రపోవడం మర్చిపోతుంది. మగవాళ్లు కవిత్వం రాసుకుంటారు, వంతెన మీద పాటలు పాడతారు. నిద్రలేని మనుషులకి ఇంకో పూట ఆకలేస్తుంది కదా, ఆ వంట ఎవరు చేశారా అని నేను చివరిదాకా చూశాను. చెప్పలేదు. “సినిమాలో కూడా చీపురు వెతుక్కుంటావేమే” అంటాడు రెయినేల్.

బాతు సీరియల్ కూడా అలా మిగిలిన చోట్లో వచ్చిందే. ఏదో చలిదేశంది, వారానికో భాగం, మొత్తం ఎనిమిది. ఒక స్టేషన్ మాస్టరు, ఆయన వంటింట్లో ఒక ముసలి బాతు. ఆయన పొద్దున్నే తిని, టోపీ పెట్టుకుని వెళ్లిపోతాడు. మామూలుగా కెమెరా మగవాడి వెనకే పరిగెడుతుంది. ఇందులో వెళ్లదు, వంటింట్లోనే ఉండిపోతుంది. మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు, ఎంగిలి పళ్లెం, కిటికీ, బాతు. నాకు ఒళ్లు ఝల్లుమంది. మగవాడు గడప దాటాక వంటింట్లో ఏమవుతుందో చూడాలనుకున్న మనిషి ఈ ప్రపంచంలో ఇంకొకరున్నారన్నమాట.

“ఇప్పుడేం జరుగుతోందే?” అంది అత్తయ్య.

“ఏం లేదత్తయ్యా. బాతు చూస్తోంది.”

“ఇంతసేపా? ఊరికే చూసేదాన్ని ఎవరైనా సినిమా తీస్తారా? ఏదో అంటూనే ఉంటుంది. నీకే చదవడానికి బద్ధకం.”

అత్తయ్య చేతిలో చెంచా వాలిపోతోంది. అది కింద పడితే నా చదువు అక్కడితో సరి. “తినడానికి రెండు చేతులున్నవాడికి పళ్లెం తియ్యడానికి ఒక్కటి కూడా లేదేం, అంటోంది బాతు” అన్నాను.

చెంచా టకటకలాడింది. “మరి దాని గొంతు వినపడదేం?”

“బాతు కదా అత్తయ్యా. కింద రాసి మాత్రమే వస్తుంది.” అబద్ధం అంత నున్నగా ఎలా వచ్చిందో నాకే తెలీదు.

ఆ తర్వాత ఈనెలు తీస్తున్నంతసేపూ, ఈ వారం బాతు ఏమంటుందా అని నాకే కుతూహలంగా ఉండేది. తమాషా ఏమిటంటే, నా మనసులో ఏముందో బాతు అన్నాకే నాకు తెలిసేది. నేనంటే గొణుగుడు, బాతంటే జ్ఞానం. అత్తయ్య ఆ మాటలు పక్కింటి నోర్కాకి కాఫీతో పాటు అందించేది, భోజనాల దగ్గర కొడుక్కి చెప్పేది. రెయినేల్ షాపులో గడ్డాలు గీస్తూ చెప్పేవాడు. “ఎవడు రాశాడోగానీ బుర్రున్నవాడు” అనేవాడు నాతోనే. ఏడో వారం బాతు ఇలా అంది: “పంతొమ్మిదేళ్లుగా ఈ మనిషికి ఏది ఇష్టమో వండుతూ చూస్తున్నాను. నీకేది ఇష్టమే అని ఒక్కసారి అడగలేదు.” ఆ రోజు చెంచా మోగలేదు. అత్తయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని, “మా ఇంట్లోనూ ఒక బాతుండేదిలే” అంది. నేను కాఫీ పెట్టడానికి లేచాను. రెయినేల్ మాత్రం విని పడీ పడీ నవ్వాడు. “స్టేషన్ మాస్టరుకి బాతు దగ్గర కూడా పరువు పోయింది” అన్నాడు.

ఆ తర్వాతి వారమే ఫ్యాక్టరీలో నోటీసు అంటించారు. చదివి వినిపించే ఫాకుందో గారు రిటైరవుతున్నారు. ఇష్టమున్నవాళ్లు సోమవారంలోగా పేరివ్వాలి. శుక్రవారం ఒక్కొక్కరు పావుగంట చదవాలి, పనివాళ్లే ఓటేసి ఎన్నుకుంటారు. ఆ కుర్చీ నాకు కావాలి. ఇంతకాలం నాకేం కావాలో అడిగితే తడుముకునేదాన్ని, ఇదొక్కటి మాత్రం తడుముకోకుండా తెలిసింది. ఎనిమిదో భాగం కూడా అయిపోయాక, ఆదివారం భోజనాల దగ్గర ఆ మాట చెప్పాను.

రెయినేల్ కర్రపెండలం ముక్క నోట్లో పెట్టుకున్నాడు. “చదవడం ఎవరైనా చదువుతారు, మయెలీన్. ఫాకుందో పేపరు మడిచాక దాని మీద నాలుగు ముక్కలు సొంతంగా అనేవాడు. జనం వినేది అందుకు. నీకేముంది చెప్పడానికి? నీళ్లెవరు తుడిచారు, దుమ్మెవరు దులిపారు, ఇవేగా?”

కోపంగా అనలేదు. అన్నం ఇంకాస్త పెట్టమన్నట్టే అన్నాడు. నాకు ఒళ్లు మండింది అందుకే. పోనీ నిజమేనేమో, అక్కడ కూర్చుని నోరు పెగలకపోతే రెండొందల మంది ముందు నవ్వులపాలవుతానేమో అని కూడా ఒక్క క్షణం అనిపించింది.

“నా బాతైతే గెలిచేది” అంది అత్తయ్య.

రెయినేల్ నవ్వాడు. “అదీ మాటంటే. దాన్ని పంపండి, కత్తులు అరిగిపోయేలా కొడతారు. రేపు నేనే దగ్గరుండి దాని పేరు రాయిస్తాను.”

“ఆ బాతు ఎనిమిది వారాల్లో ఒక్కసారి కూడా నోరు తెరవలేదు” అన్నాను.

అత్తయ్య చెయ్యి పళ్లెం మీద ఆగిపోయింది. “మరి నువ్వు చదివింది?”

“చదవలేదత్తయ్యా. అన్నీ నేనన్నవే. రేపు పొద్దున్నే వెళ్లి నా పేరిస్తున్నాను.”

రెయినేల్ మొహం మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. “ఆ పంతొమ్మిదేళ్ల మాట కూడానా?” అన్నాడు.

“మనకి పెళ్లయి ఎన్నేళ్లయింది?” అని అడిగాను.