ఎర్రచందనం గురించి అడగలేదు

మా ఊరి యూనివర్సిటీకి రమ్మంటే రానన్న ప్రొఫెసరు ఇంతవరకు పుట్టలేదు. వేరే ఊళ్లలో ఎగ్జామినర్లను పిలిపించాలంటే ఉత్తరం మీద ఉత్తరం రాసి బతిమాలుకోవాలట. మాకు ఆ బాధ లేదు. తిరుపతి అన్న మాట చెవిన పడితే చాలు, ఢిల్లీ వాళ్లూ కాశీ వాళ్లూ పెళ్లాంబిడ్డలతో సహా రైలెక్కేస్తారు. వచ్చినవాళ్లు ఒక పూట వైవా చేస్తారు, రెండు రోజులు కొండ మీద ఉంటారు. ఆ రెండు రోజులూ వాళ్లను కనిపెట్టుకుని ఉండేది మా ఆయన.

మా ఆయన సంపత్కుమార్ బోటనీ లెక్చరర్. తాత ముత్తాతలు కొండ మీద కైంకర్యం చేసినవాళ్లు. ఏ వరుస ఎప్పుడు కదులుతుందో, ఏ సత్రంలో కుళాయి పనిచేస్తుందో ఆయనకు పుట్టుకతో తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో హెడ్ గారి అతిథి ఒకాయన జనంలో చిక్కుకుపోతే ఈయన వెంట ఉండి, దర్శనం చేయించి, లడ్డు చేతిలో పెట్టి రైలెక్కించి వచ్చారు. పాపం, మంచితనం కొద్దీ చేశారు. ఒకనాటి సాయం మర్నాటికి డ్యూటీ అయిపోయింది. తెల్లారకముందే వెళ్లి టిక్కెట్ల వరుసలో నిలబడడం, కాటేజీ దొరక్కపోతే పెద్దవాళ్ల మాటలు పడడం, ఘాట్ రోడ్డులో వాళ్ల పిల్లలు వాంతి చేసుకుంటే నిమ్మకాయ అందించడం, ఇవన్నీ బోటనీలో భాగమే అనుకున్నారు మా రాజారత్నం గారు. ఆయనే హెడ్. క్లాసు పిల్లలైతే మా ఆయనకు కొండ సార్ అని పేరే పెట్టేశారు.

అసలు ఆయన పని వేరే. ఎర్రచందనం విత్తనాలు. ఆ చెట్టు మా వైపు కొండల్లో తప్ప తనంతట తాను పెద్దగా ఎక్కడా పెరగదట. కాయ చూస్తే నడిమధ్య ఉబ్బి, చుట్టూ అప్పడం లాగా పల్చటి రెక్క ఉంటుంది. వంద విత్తితే పది మొలవడం గగనం. ఎందుకు మొలవవో కనుక్కోవాలని ఆయన పట్టుదల. వేణ్ణీళ్లలో నానబెడతారు, పేడనీళ్లలో నానబెడతారు, ఇసుకలో రుద్దుతారు. పెరట్లో నాలుగు బెండ విత్తనాలు వేసుకుందామంటే నాకు చోటు లేదు, అంతా ఆయన కుండలే. పేడనీళ్ల వాసనకు పక్కింటి జ్ఞానాంబ మా గోడ వైపు ముక్కు మూసుకునే నడుస్తుంది.

జీతంతో సెలవిచ్చి పరిశోధనకు పంపే స్కీము ఒకటి వచ్చినప్పుడు ఈయన అందరికంటే ముందు అర్జీ పెట్టారు. రాజారత్నం గారు భుజం మీద చెయ్యి వేసి, "పోదువులే అప్పా, యాడికి పోతుంది? మార్చిలో సెమినార్ ఉండాది, నువ్వు లేకుంటే కొండ పని ఎవురు చూస్తారు?" అన్నారు. మరుసటి ఏడు ఇంకేదో సభ. ఈయన తర్వాత చేరినవాళ్లు వెళ్లి డాక్టర్లయి తిరిగొచ్చారు. ఈయన ఇంట్లోనే, వంటింటి పక్క గదిలో, రాత్రీ పగలూ రాసుకుని డాక్టరేటు తెచ్చుకున్నారు. ఆ థీసిస్ హెడ్ గారి గదిలో ఉంది. ఒకసారి నేను వెళ్లి చూస్తే దాని మీద ప్రసాదం డబ్బా పెట్టి ఉంది. రాజారత్నం గారు చెడ్డవాడు కాదు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, గొడవ లేకుండా రోజులు గడిస్తే చాలనుకునేవాడు. అలాంటివాళ్ల మీద కోపం తెచ్చుకుని కూడా లాభం లేదు, అదే నాకు ఒళ్లుమంట.

కిందటి నెల రీడర్ పోస్టుకు ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. ఆ రోజు నుంచి మా ఆయన మనిషి మారిపోయారు. పాత కాగితాలన్నీ దించారు, అద్దం ముందు ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. అన్నం కలిపి పెట్టుకుని చెయ్యి ఆరిపోయేదాకా ఆలోచిస్తూ కూర్చునేవారు.

"ఈ పోస్టు వస్తే జీతం పెరుగుతుంది, కుళాయి ఉండే ఇంట్లోకి పోదాం," అన్నాను నేను.

"పోస్టు ఇస్తే ఇయ్యనీ, లేకుంటే పోనీ వల్లీ. ఢిల్లీ నించి వచ్చే ఎక్స్‌పర్టు విత్తనాల మీదనే జీవితమంతా పనిచేసినోడు. ఆయన నన్ను అడగాల. నేను చెప్పాల. తప్పయితే తప్పని ఆయన నోటితో చెప్పాల. ఇన్నేండ్లలో నన్నొక్కరూ అడగలేదు. నేను చేసింది పనో, పిచ్చో నాకే తెలీకుండా ఉండాది."

ఇంటర్వ్యూకు ముందురోజు పొద్దున్నే రాజారత్నం గారు స్కూటరు మీద మా ఇంటికి వచ్చారు. ఎక్స్‌పర్టు గారు భార్యతో సహా దిగారట, కొండకు తీసుకుపోవాలట.

"నేను క్యాండిడేట్‌ను సార్. బాగుండదు," అన్నారు మా ఆయన.

"స్వామి దగ్గర క్యాండిడేట్ ఏందప్పా? ఇంకొకరిని పంపితే ఆ సారు భార్యను జనంలో యాడ తప్పిస్తారో అని నాకు భయం. ఈ ఒక్కసారి పోయిరా."

ఈ ఒక్కసారి అన్న మాట నేను ఎన్ని వందల సార్లు విన్నానో. మా ఆయన చొక్కా మార్చుకున్నారు. నేను గడప దాకా వెళ్లి చెవిలో చెప్పాను.

"పోతే పోయినారు గానీ, దారిలో మీ విత్తనాల మాట ఎత్తండి. అడగందే అమ్మయినా అన్నం పెట్టదు."

"పరీక్షకు ముందు రోజు పరీక్షాధికారి దగ్గర ఆ మాట ఎత్తితే అది అడుక్కోవడమే వల్లీ. రేపు ఆయనే అడుగుతాడు," అన్నారు.

చీకటి పడ్డాక తిరిగొచ్చారు. దర్శనం బాగా జరిగిందట. ఆవిడకు కళ్లనీళ్లు వచ్చాయట. ఘాట్ రోడ్డు పక్కనే ఎర్రచందనం చెట్లు బారులు తీరి ఉంటే, ఈయన ఆ పెద్దాయనకు ఏడుకొండల పేర్లు చెబుతూ కూర్చున్నారట. వింటుంటే నాకు తల బాదుకోవాలనిపించింది. కానీ ఇస్త్రీ చొక్కా మంచం మీద పెట్టుకుని పడుకున్న మనిషిని ఏమంటాం?

మరునాడు మధ్యాహ్నం మూడు గంటలకే వచ్చేశారు. సైకిలు గోడకు ఆనించి, చెప్పులు విడిచి, కాళ్లయినా కడుక్కోకుండా కుర్చీలో కూలబడ్డారు.

"ఏమయింది?"

"అయిపోయింది. నాకే ఇస్తారంట. రాజారత్నం గారు బయటికి వచ్చి చెవిలో చెప్పినారు."

నాకు ఒక్క క్షణం కాళ్లు నేలమీద ఆనలేదు. చక్కెర డబ్బా కోసం లోపలికి పోబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాను. వచ్చే ప్రాణమో పోయే ప్రాణమో అన్నట్టున్నారు.

"మరి ఈ ముఖమేంది?"

"లోపలికి పోతానే ఎక్స్‌పర్టు లేచి నిలబడి, ఈయన మాకు సాక్షాత్తూ వైకుంఠం చూపించినారు అన్నాడు. అందరూ నవ్వినారు. ఇంకొకాయన, ఎప్పుడో మునుపు వచ్చి పోయినాడంట, కల్యాణోత్సవం టిక్కెట్టుకు ఎన్ని నెలల ముందు రాయాల అని అడిగినాడు. చెప్పినాను. కూతురికి మొక్కు ఉండాదంట, తలనీలాలు కొండ మీదే ఇయ్యాలనా, తిరుచానూరులో ఇస్తే చాలునా అన్నాడు. చెప్పినాను. కాగితాలు నా ఒళ్లోనే ఉండాయి. ఎక్స్‌పర్టు వాచీ చూసుకుని, థాంక్యూ, యూ ఆర్ ఎ జెమ్ అన్నాడు. లేచి వచ్చేసినాను."

"విత్తనాల గురించి?"

"అడగలేదు."

"ఒక్క మాట కూడానా?"

"అడగలేదు వల్లీ."

పోస్టు రానివాళ్ల ఇళ్లలో ఏడుపులు విన్నాను గానీ, పోస్టు వచ్చి ఇట్లా కూర్చున్న మనిషిని అప్పుడే చూశాను. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారులంతా కలిసి వరమిచ్చేశారు, ఏం తపస్సు చేశావని మాత్రం ఎవరూ అడగలేదు. నాకు కోపం ముంచుకొచ్చింది. ఆ ఎక్స్‌పర్టు మీద, రాజారత్నం గారి మీద, ఇన్నేళ్లు కుండలకు నీళ్లు పోస్తూ కూడా ఒక్కనాడూ ఇదేమిటని సరిగా అడగని నా మీద కూడా.

వంటింట్లో నుంచి పీట తెచ్చి ఆయన ఎదురుగా వేసుకుని కూర్చున్నాను.

"చెప్పండి."

"ఏం చెప్పాల?"

"వాళ్లకు ఏం చెప్పాలని పోయినారో అది. నేను అడుగుతా ఉండాను."

"నీకు అర్థం కాదులే. అలిసిపోయినాను, కాఫీ ఇయ్యి."

"కాఫీ తర్వాత. అర్థం కాకుంటే మళ్లీ అడుగుతా. వాళ్లకు అన్నీ అర్థమవుతాయి కదా, ఏమడిగినారు?"

ఆయన నసుగుతూ మొదలుపెట్టారు. కాయ పెంకు గట్టిదని, నీళ్లు లోపలికి పోవని. అక్కడక్కడ ఇంగ్లీషు మాటలు దొర్లితే నేను ఆపి, తెలుగులో చెప్పమన్నాను. విసుక్కున్నారు. విసుక్కుంటూనే చెప్పారు. పేడనీళ్లలో నానితే ఏమవుతుందో, వేణ్ణీళ్లు ఎక్కువైతే లోపలి పప్పు ఎట్లా చచ్చిపోతుందో చెబుతూ కుర్చీ అంచుకు జరిగారు. చేతులు కదిలాయి. మాట నింపాదిగా వచ్చింది. ఇంట్లో ఇన్నేళ్లు కాపురం చేసి, ఈ మనిషి పాఠం ఇంత బాగా చెబుతాడని నాకు తెలియదు.

నాకు నిజంగానే ఒక సందేహం వచ్చింది.

"అయితే అడవిలో ఎవురూ నానబెట్టరు, ఎవురూ రుద్దరు. మరి ఆడ చెట్లు ఎట్లా మొలిచినాయండీ?"

"జింకలు తింటాయేమో అనుకున్నాను. ఎండాకాలం నిప్పు తగిలి పెంకు పగులుతుందేమో అని కూడా అనుకున్నాను. కానీ నేను చూడలేదు. ఆడే ఉండి, వానకు ముందూ వెనకా చూడాల. నాకు తెలీదు వల్లీ." ఆ మాట అంటూ నవ్వారు. నెల రోజులుగా అద్దం ముందు ఇంగ్లీషులో మాట్లాడిన మనిషి, తెలీదు అని చెప్పి అంత సంతోషంగా నవ్వడం నాకు వింతగా ఉంది. "ఇదే అడుగుతాడని అనుకున్నాను ఆయన. ఇదే!"

అప్పుడే వాకిట్లో సైకిలు గంట మోగింది. డిపార్ట్‌మెంటు అటెండరు వెంకటముని. మా ఆయన అలవాటు కొద్దీ లేవబోయారు. కూర్చోమని చెయ్యి చూపించి నేనే వెళ్లాను.

"అమ్మా, సార్‌ను బిరీన రమ్మన్నారు పెద్దసారు. ఆ ఢిల్లీ సారోళ్లు కాళహస్తికి పోవాలంట. జీపు గెస్ట్‌హౌసు కాడ నిలబడి ఉండాది."

"సారు రాలేరప్పా," అన్నాను. "ఇంటర్వ్యూలో ఉండారు."