పెరటికి వారం గడువు

ఆదివారం సాయంత్రం దోమలు కుట్టాయంటే, సోమవారం పొద్దున్నే మేస్త్రి వచ్చి పెరడంతా సిమెంటు చేసేస్తాడు. ఇది మా ఆవిడ తీర్పు. పోయిన నెల ఆవిడతో పనిచేసే నర్సులు టీకి వచ్చి కప్పులు చేత పట్టుకునే పారిపోయారు. ఒక కప్పు ఇంకా తిరిగి రాలేదు.

"మట్టి ఉంటే మొక్కలు, మొక్కలుంటే దోమలు. ఈసారి పెద్ద నర్సుగారు రిటైరయ్యే పార్టీ. నా పరువు పోయిందా, మీ పెరడూ పోయినట్టే," అంది.

ముప్పై అడుగుల నేల. చిక్కుడు పందిరి, నాలుగు వరసల మిరప, గోడ పక్కన పుదీనా. పద్దెనిమిదేళ్ళుగా నా చేత్తోనే తవ్వుతున్నాను.

"సరే," అన్నాను. నేను మాట్లాడేది అంతే.

దోమ మొక్కలో పుట్టదు, నిలవ నీళ్ళలో పుడుతుంది. వారమంతా ఆ నీళ్ళ కోసమే వెతికాను. కుండీల కింది పళ్ళేలు బోర్లించాను. చూరు గొట్టంలో కుళ్ళిన ఆకులు లాగాను. తెగిన చెప్పులో చెంచాడు నీళ్ళుంటే అవీ పారబోశాను. మా ఆవిడ ముందే మాట్లాడిపెట్టిన మేస్త్రి పది రోజుల కిందటే తెచ్చి మూల పడేసిన సామాను మాత్రం ముట్టుకోలేదు. ఇసుక, తట్టలు, చెక్క మూత వేసిన డ్రమ్ము. పనివాడి సామాను అతను లేనప్పుడు కదపకూడదని మా నాన్న నేర్పాడు. దోమలు తగ్గలేదు. ఎక్కణ్ణుంచి వస్తున్నాయో అంతు పట్టలేదు.

ఆదివారం నాలుగింటికి మా బావమరిది భుజాన వైరు చుట్టతో దిగాడు. కరెంటు పని చేస్తాడు. చెయ్యి ఎంత ఆడుతుందో నోరు అంతకు రెట్టింపు.

"బావా, దోమకి వెలుతురంటే హడల్! చూడు, పెరట్లో పట్టపగలు చేసేస్తా," అంటూ బల్ల మీదుగా పెద్ద తెల్ల లైటు కట్టాడు.

ముందురోజు వాన పడింది. నేల ఇంకా చెమ్మగా ఉంది. "వద్దు," అన్నాను.

"అక్కా! బావ మాట్లాడాడు! తారీకు రాసిపెట్టుకో!"

చీకటి పడేవేళకి ఎనిమిది మంది నర్సులు వచ్చారు. కొలతలకని టేపు పట్టుకుని వచ్చిన మేస్త్రి కూడా టీ వాసనకి ఆగిపోయాడు. బావమరిది ఠీవిగా స్విచ్చి నొక్కాడు.

ఐదు నిమిషాలు నిజంగానే పట్టపగలు. ఆరో నిమిషంలో తడి నేలలోంచి ఉసిళ్ళు లేచాయి. వందలు కాదు, వేలు. కేకు మీద, జుట్టులో, టీలో ఎక్కడ చూసినా రెక్కలే. పెద్ద నర్సుగారు కప్పులోకి తొంగి చూసి, "ఇందులో టీ ఏమన్నా కలిపారా?" అన్నారు. కింద కాళ్ళకి దోమలు తమ పని తాము మొదలుపెట్టాయి. అందరూ ఎగిరి గంతులేస్తున్నారు. పెద్ద నర్సుగారు ఫెడీమని మేస్త్రి చెంప మీద ఒకటిచ్చారు.

"అమ్మా!" అన్నాడు మేస్త్రి.

"దోమయ్యా! కదలకు, రెండో చెంప మీద ఇంకోటుంది!"

నవ్వలేక చస్తున్నారు అందరూ. మా ఆవిడ ఒక్కతే నవ్వలేదు. కళ్ళతోనే పెరడంతా కొలుస్తోంది.

లైటు ఊడదీశాను. వైరు లాక్కుంటూ వెళ్ళి దూరంగా మేస్త్రి సామాను మూల మేకుకి తగిలించాను. ఉసిళ్ళన్నీ నా వెనకే వచ్చాయి. డ్రమ్ములో నీళ్ళుంటే ఉసిళ్ళు అందులోనే పడతాయని, మేస్త్రి ఎదురుగానే ఉన్నాడు కదా అని, డ్రమ్ము వైపు చూపించి తలాడించాను. అతనూ తలాడించాడు. చెక్క ఎత్తాను.

గుయ్యిమని నల్లటి మబ్బు నా మొహం మీదికి లేచింది. లోపల నీళ్ళలో దోమపిల్లలు తలకిందులుగా వేలాడుతూ గిలగిల కొట్టుకుంటున్నాయి.

"రండి," అన్నాను.

అందరూ వచ్చి చూశారు. పెద్ద నర్సుగారు వార్డులో వాడే గొంతు తీశారు. "ఎవరిదిది?"

"నాదేనమ్మా," మేస్త్రి చెంప రుద్దుకున్నాడు. "సిమెంటు తడపడానికని పట్టి ఉంచాను."

"అంటే దోమలు లేకుండా చెయ్యడానికి వచ్చినవాడివి, పని మొదలవకముందే దోమల్ని పెంచి పెట్టావా!"

"మూత వేశానమ్మా..."

"ఈ మూతకి వేలెడేసి సందులు!"

బావమరిది, మేస్త్రి చెరోవైపు పట్టి డ్రమ్ము దొర్లించారు. నీళ్ళు రెండు మిరప వరసల్లోకి ఉరికాయి. దారిలో నిలబడ్డ నర్సులు కెవ్వుమన్నారు. ఆ తర్వాత ఎవరు ముందు విప్పారో తెలీదు, చెప్పులు విప్పేసి బురదలో దోమపిల్లల్ని దబదబ తొక్కడం మొదలుపెట్టారు.

ఉన్న దోమలు ఇంకా ఉన్నాయి కదా. ఇంట్లోంచి టేబుల్ ఫ్యాను తెచ్చి బల్ల కింద కాళ్ళకేసి పెట్టాను. గాలికి దోమ నిలవలేదు. దూరపు లైటు మసకలో తడుముకుంటూ కేకు తిన్నారు. ఎవరి ముక్క ఎవరి నోట్లోకి వెళ్ళిందో దేవుడికే తెలియాలి. ఒక్కరూ లేవరే!

చివరికి మా ఆవిడ, "మేస్త్రీ, రేపు పొద్దున్నే వచ్చెయ్యి," అంది.

నా చేతిలో కప్పు ఆగిపోయింది.

"వచ్చి నీ డ్రమ్ము, ఇసుక పట్టుకెళ్ళు," అంది. మిరప మొక్కల మధ్య నిలబడి ఉంది, పాదాలు చీలమండల దాకా బురదలో.

"ఈ రెండు వరసలకీ నీళ్ళు బాగా అందాయి, రేపు పెట్టక్కర్లేదు," అన్నాను.

బావమరిది వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాడు. "అక్కా! ఎనిమిది మాటలు!"